బ్రాయిలర్ బ్రీడర్లకు వేసవి యాజమాన్యం: ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా

తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను కోళ్లకు వేసవి నష్టం అనగానే చాలామంది రైతులకు 2015 మే నెల గుర్తుకు వస్తుంది. ఆ వడగాడ్పులకు రెండు రాష్ట్రాల్లోనూ లక్షల సంఖ్యలో కోళ్లు చనిపోయాయి. అయితే మాంసం కోసం పెంచే బ్రాయిలర్‌కు, ఆ బ్రాయిలర్ పిల్లల కోసం పొదుగు గుడ్లు పెట్టే బ్రీడర్‌కు వేసవి నష్టం ఒకే రూపంలో రాదు. బ్రాయిలర్ షెడ్డులో నష్టమెంతో సాయంత్రానికి చచ్చిన కోళ్లను లెక్కపెడితే తేలిపోతుంది. బ్రీడర్ షెడ్డులో పెట్ట బతికే ఉంటుంది, గుడ్డు కూడా పెడుతూనే ఉంటుంది, కానీ ఆ గుడ్డులో పిల్ల తయారు కాదు. మే రెండో వారంలో వచ్చిన వడగాడ్పు పుంజు వీర్యాన్ని దెబ్బతీస్తే, ఆ తరువాత సేకరించిన గుడ్లు హ్యాచరీలో (గుడ్లను యంత్రాల్లో పొదిగించే చోట) 21 రోజులు ఉండి బయటకు వచ్చేసరికి జూన్ నెల సగం అవుతుంది. అప్పటికి వానలు పడి షెడ్డు చల్లబడి ఉంటుంది కాబట్టి, పొదుగు శాతం ఎందుకు పడిపోయిందో అర్థం కాక యజమాని దాణాను, హ్యాచరీవారు గుడ్లను, గుడ్లు పంపినవారు హ్యాచరీని తప్పుపడుతూ ఉంటారు. అందువల్ల బ్రీడర్లకు వేసవి జాగ్రత్త అంటే కోడిని బతికించుకోవడం ఒక్కటే కాదు, పుంజు సత్తువను, గుడ్డు నాణ్యతను కాపాడుకోవడం కూడా. దానికి కావలసిన పనుల్లో ఎక్కువ భాగం డబ్బు కన్నా వేళలకు సంబంధించినవి.

ముందుగా కోడి శరీరం గురించి రెండు మాటలు. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్, దానికి చెమట గ్రంథులు లేవు. షెడ్డులో వేడి 28-30 డిగ్రీలు దాటాక అది నోరు తెరిచి రొప్పుతూ, ఊపిరితిత్తుల నుంచి నీటిని ఆవిరి చేసుకుంటూ చల్లబడుతుంది. అలా రొప్పేటప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షార గుణం పెరుగుతుంది, బైకార్బనేటు తగ్గుతుంది, గుడ్డు పెంకుకు కావలసిన కార్బనేటుకు కొరత వస్తుంది. మధ్యాహ్నం రొప్పిన పెట్ట మర్నాడు పల్చటి పెంకు గుడ్డు పెట్టడానికి కారణం ఇదే. బ్రీడర్ పెట్ట బరువు మూడు కిలోలకు పైబడి ఉంటుంది, పుంజు నాలుగు కిలోలు దాటుతుంది. శరీరం పెరిగినకొద్దీ బరువుతో పోలిస్తే వేడిని వదిలే చర్మ విస్తీర్ణం తక్కువవుతుంది కాబట్టి, గుడ్ల కోసం పెంచే లేయర్ కోడి తట్టుకునే ఎండను బ్రీడర్ తట్టుకోలేదు. ఒంటి మీద ఈకలు తక్కువగా ఉండే మెడబోసి కోళ్ల మీద హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో పని జరిగింది ఈ కారణం చేతనే. కానీ వాణిజ్య బ్రీడర్ రకాలన్నీ నిండు ఈకలవే కాబట్టి మన జాగ్రత్తలు మనం తీసుకోవలసిందే.

పిల్లలను ఏ నెలలో దించాలి

బ్రీడర్ పెట్ట సుమారు 25వ వారంలో గుడ్డుకు వస్తుంది, 30వ వారం ప్రాంతంలో గరిష్ఠ ఉత్పత్తిలో ఉంటుంది, 60 నుంచి 65 వారాల వరకు గుడ్లు పెడుతుంది. ఈ లెక్కన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దించిన బ్యాచ్ సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో గరిష్ఠానికి చేరుతుంది. అంటే పెట్ట ఎక్కువ దాణా తింటూ, ఎక్కువ గుడ్లు పెడుతూ, తన శరీరంలో ఎక్కువ వేడిని పుట్టించే వయసు రోహిణి కార్తెతో కలుస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో దించిన బ్యాచ్ వేసవిని తక్కువ బరువుతో, పరిమిత దాణాతో, పెరిగే దశలోనే దాటేసి వానాకాలంలో గుడ్డుకు వస్తుంది. ఒక్క బ్యాచ్ మాత్రమే పెంచే రైతుకు నా సలహా ఈ రెండోదే. హ్యాచరీతో ఒప్పందం ఉన్న పెద్ద ఫారాలకు ఏడాది పొడవునా గుడ్లు కావాలి కాబట్టి అన్నిటినీ జనవరికి మార్చుకోవడం కుదరదు. పైగా శ్రావణ, కార్తీక మాసాల్లో మాంసం గిరాకీ తగ్గడాన్ని కూడా వారు లెక్కలోకి తీసుకుంటారు. అలాంటివారు కనీసం తమ దగ్గరున్న షెడ్లలో అన్నిటికన్నా చల్లని షెడ్డును గరిష్ఠ ఉత్పత్తిలో ఉండే బ్యాచ్‌కు కేటాయించాలి.

జనవరి బ్యాచ్‌లో ఒక చిక్కు ఉంది. తెరిచిన షెడ్లలో సహజమైన వెలుతురే కోడికి ఋతువును తెలియజేస్తుంది. హైదరాబాద్ అక్షాంశంలో డిసెంబరు పగటికి, జూన్ పగటికి రెండు గంటలకు పైగా తేడా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పగలు పెరుగుతూ పోతుంది కాబట్టి ఆ కాలంలో ఎదిగే పిల్ల పెట్టలు బరువు సరిపోకముందే గుడ్డుకు వచ్చే ప్రమాదం ఉంటుంది. అలా వచ్చిన పెట్టలు చిన్న గుడ్లు పెడతాయి, గుడ్డు పేగు బయటికి వచ్చి చనిపోతాయి. దీనికి మందు రెండు రకాలు. మొదటిది, పెంపకపు షెడ్డుకు ముదురు రంగు కర్టెన్లు కట్టి వెలుతురును తగ్గించడం. కానీ కర్టెన్లు గాలిని కూడా ఆపుతాయి కాబట్టి ఫ్యాన్లు లేని షెడ్డులో మే నెలలో ఆ పని చేయకూడదు. రెండవది, వారం వారం తూకం వేసి బరువుల సమానతను కాపాడుకోవడం. సగటు బరువుకు పది శాతం అటూ ఇటూగా కనీసం 80 శాతం పెట్టలు ఉండేటట్లు చూసుకుంటే, మంద అంతా ఒకేసారి గుడ్డుకు వస్తుంది. తూకం తెల్లవారుజామునే పూర్తి కావాలి, ఎందుకంటే ఎండలో చేత్తో పట్టుకున్న కోడి తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. టీకాలకు, ముక్కు కత్తిరింపుకు, ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు తరలింపుకు కూడా ఇదే నియమం.

దాణా వేళలు

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం, అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఇచ్చేది దాణా వేళను మార్చడమే. బ్రీడర్లకు దాణాను కొలిచి పెడతాం కాబట్టి అవి రోజంతా తింటూ ఉండవు, ఇచ్చిన దాణాను రెండు మూడు గంటల్లో ముగిస్తాయి. తిన్న తరువాత అది అరిగే క్రమంలో పుట్టే వేడి నాలుగు నుంచి ఆరు గంటల మధ్య హెచ్చుగా ఉంటుంది. చలికాలపు అలవాటు ప్రకారం ఉదయం ఏడున్నరకు దాణా వేస్తే, కడుపులోని వేడి, ఆకాశంలోని వేడి రెండూ మధ్యాహ్నం ఒంటిగంటకు కలుస్తాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు దాణా వేస్తే అవి ఏడు గంటలకల్లా తిని ముగిస్తాయి, అరుగుదల వేడి పది, పదకొండు గంటలకల్లా తగ్గుముఖం పడుతుంది.

ఇందుకు లైట్లు నాలుగు గంటలకు వెలగాలి. మంద గుడ్లలో ఉన్నప్పుడు రోజుకు సుమారు 16 గంటల వెలుతురు ఉండాలి. ఆ మొత్తాన్ని ఎన్నడూ తగ్గించకుండా, ఫిబ్రవరి నెలలో రోజుకు కొద్ది నిమిషాల చొప్పున మొత్తం సమయాన్ని ముందుకు జరుపుకుంటూ రావాలి. మార్చి చివర ఎండ ముదిరాక ఒక్కసారిగా గంటన్నర మారిస్తే గుడ్లు పెట్టే వేళలు తారుమారై నాలుగైదు రోజులు ఉత్పత్తి తగ్గుతుంది. ఈ పద్ధతిలో అసలు కష్టం కోళ్లది కాదు, పనివారిది. నాలుగు గంటలకు లేచినవారిని మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా విశ్రాంతిగా వదిలేసేలా పనిని విభజించుకోకపోతే, వారం తిరగకుండానే దాణా మళ్లీ ఏడు గంటలకు జరిగిపోతుంది.

పెరిగే దశలో రోజు విడిచి రోజు దాణా పెట్టే ఫారాలున్నాయి. దాణా పెట్టే రోజున రెండు రోజుల తిండి ఒకేసారి కడుపులో పడుతుంది కాబట్టి ఆ రోజు అరుగుదల వేడి కూడా పెరుగుతుంది. తీవ్రమైన ఎండ నెలల్లో రోజూ కొద్ది కొద్దిగా పెట్టడమో, వారానికి ఒకటి రెండు రోజులే ఆపడమో మేలు. అయితే తక్కువ దాణా అన్ని కోళ్లకూ అందాలంటే ఫీడరు స్థలం సరిపోవాలి. పెట్టకు ఆరు అంగుళాలకు తగ్గితే బలమైనవి తిని, బలహీనమైనవి మిగిలిపోయి బరువుల సమానత దెబ్బతింటుంది.

వేసవిలో ఎంత దాణా పెట్టాలన్న ప్రశ్నకు ఒక్క సంఖ్యలో జవాబు చెప్పడం తప్పు. వేడి పెరిగేకొద్దీ శరీరాన్ని వెచ్చగా ఉంచుకునే ఖర్చు తగ్గుతుంది కాబట్టి కొంతవరకు దాణా తగ్గించవచ్చు, కానీ రొప్పడం మొదలైన తరువాత ఆ రొప్పడానికే శక్తి ఖర్చవుతుంది. కాబట్టి పట్టికను చూసి కోయడం కాక మూడు విషయాలను రోజూ రాసుకోవాలి: దాణా ముగియడానికి పట్టిన సమయం, సగటు గుడ్డు బరువు, వారానికోసారి పెట్ట బరువు. దాణా త్వరగా ముగుస్తూ గుడ్డు బరువు తగ్గుతుంటే కోత ఎక్కువైందని అర్థం. దాణా మిగులుతుంటే పరిమాణం పెంచి లాభం లేదు. తక్కువ పరిమాణంలోనే పోషకాలు అందేలా దాణా తయారీని మార్చాలి. పిండి పదార్థాల కన్నా కొవ్వు అరిగేటప్పుడు తక్కువ వేడి పుడుతుంది, అవసరానికి మించిన మాంసకృత్తులు ఎక్కువ వేడిని పుట్టిస్తాయి. అందువల్ల శక్తిలో కొంత భాగాన్ని నూనె ద్వారా ఇచ్చి, మాంసకృత్తులను తగ్గించి లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలతో సరిచేయడం మంచి పద్ధతి. ఉప్పులో కొంత భాగానికి బదులుగా టన్నుకు రెండు మూడు కిలోల వంట సోడా, 200 నుంచి 250 గ్రాముల సి విటమిన్ కలపడం ఎక్కువమంది పాటించే మోతాదు. ముక్కలుగా ఉన్న నత్తగుల్ల గ్రిట్‌ను సాయంత్రం చల్లబడ్డాక విడిగా ఇస్తే రాత్రి పెంకు తయారయ్యే వేళకు కాల్షియం అందుబాటులో ఉంటుంది. కాక్సీడియా వ్యాధి నివారణకు వాడే నైకార్బజిన్ అనే మందు ఎండ మరణాలను పెంచుతుంది, గుడ్లకూ చేటు చేస్తుంది. దాణా కొనేటప్పుడు అందులో అది లేదని నిర్ధారించుకోవాలి.

నీరు

మామూలు వాతావరణంలో కోడి తిన్న దాణాకు రెండింతల నీరు తాగుతుంది, తీవ్రమైన ఎండలో అది నాలుగింతలు దాటుతుంది. 150 గ్రాముల దాణా తినే పెట్టకు అర లీటరుకు పైగా నీరు కావాలన్న మాట. కానీ నీరు వేడెక్కితే కోడి తాగదు. బోరు నుంచి వచ్చేటప్పుడు చల్లగానే ఉన్న నీరు షెడ్డు పక్కన ఎండలో నిలబెట్టిన నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులో మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాగుతుంది. ఫాగర్ల (నీటిని పొగమంచులా చిమ్మే పరికరాల) మీద లక్షలు ఖర్చు పెట్టి ట్యాంకు మీద తాటాకు పందిరి వేయని ఫారాలు ఎన్నో. ట్యాంకుకు నీడ కల్పించి, చుట్టూ గోనె సంచులు చుట్టి తడుపుతూ, పైపులను భూమిలోకి దించి, నిపుల్ లైన్లను (కోళ్లు ముక్కుతో పొడిచి తాగే నీటి గొట్టాలను) పన్నెండు గంటలకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు చివరి వాల్వు తెరిచి పారబోస్తే తాజా నీరు కోడి దగ్గరకు వస్తుంది. నీటి ద్వారా టీకా ఇచ్చే రోజున, నీటిలో కలిపే క్లోరిన్‌ను ఆపడం మరచిపోకూడదు.

షెడ్డు, చల్లదనం

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలని, వెడల్పు 30 అడుగులకు మించకూడదని, చూరు నాలుగైదు అడుగులు బయటికి రావాలని అందరికీ తెలుసు. కప్పు మీద సున్నం పూయడం, తాటాకు గానీ వరిగడ్డి గానీ పరచి స్ప్రింక్లర్లతో తడపడం, చుట్టూ గడ్డి పెంచి నేల నుంచి తిరిగివచ్చే వేడిని తగ్గించడం కూడా కొత్త విషయాలు కావు. ఇక్కడ ఎక్కువగా చెప్పవలసింది గాలిలోని తేమ గురించి.

నీటిని ఆవిరి చేసి చల్లబరిచే ఏ పద్ధతి అయినా, ఫాగరు కావచ్చు, కూలింగ్ ప్యాడ్ (షెడ్డులోకి వచ్చే గాలిని చల్లబరిచే తడి పలక) కావచ్చు, గాలి పొడిగా ఉన్నంతవరకే పనిచేస్తుంది. రంగారెడ్డి, సిద్దిపేట వైపు మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత (నీటిని ఆవిరి చేసి గాలిని దించగల కనిష్ఠ ఉష్ణోగ్రత) 24 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే మంచి ప్యాడ్ల వెనుక గాలిని పది డిగ్రీలకు పైగా దించవచ్చు. గోదావరి జిల్లాల తీరాన 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం తడి బల్బు 30 డిగ్రీలు ఉంటుంది. అక్కడ ఎంత నీరు చల్లినా గాలి 30 కన్నా దిగదు, పైగా తేమ పెరిగి కోడి రొప్పినా ఆవిరి పోదు. హైదరాబాద్ పరిసరాల్లో చూసి వచ్చిన ఫాగర్లను అలాగే కోస్తాలో బిగించి, కోళ్లు ఎక్కువ చస్తున్నాయని వాపోయినవారు ఉన్నారు. కోస్తాలో డబ్బు పెట్టవలసింది గాలి వేగం మీద. పెద్ద ఫ్యాన్లను కోళ్ల ఎత్తుకు దించి ఒకే దిశలో గాలి తోలేలా వరుసగా పెట్టాలి, కేజీలకు (కోళ్లను ఉంచే తీగ గూళ్లకు) ఒక వైపున కట్టే గోనె పట్టాలను గాలి ఆగిన వేళ ఎత్తేయాలి. మెట్ట ప్రాంతంలో కూడా ఫాగర్లను నిలకడగా నడపకుండా కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, గాలి ఆ తేమను తీసుకుపోయాక మళ్లీ నడపాలి. ఊక పరిచిన నేల షెడ్లలో అది తడిసే వరకు నడిపితే అమ్మోనియా పుట్టి మరో సమస్య తెచ్చుకున్నట్లే.

పూర్తిగా మూసిన షెడ్లు ఉన్నవారికి ఒక్కటే హెచ్చరిక. కరెంటు పోయిన క్షణం నుంచి నిమిషాల లెక్కే మిగులుతుంది. జనరేటరు ఉండడం కాదు, వారానికోసారి పూర్తి లోడుతో నడిపి చూడడం, కరెంటు పోతే మోగే అలారం బ్యాటరీని పరీక్షించడం, అవసరమైతే చేత్తోనే కర్టెన్లు దించగలిగేలా తాళ్లు కట్టి ఉంచడం ఫిబ్రవరిలోనే జరగాలి.

పుంజులు, కృత్రిమ గర్భధారణ

నేల మీద పెంచే మందలో వంద పెట్టలకు తొమ్మిది పది పుంజులు ఉంటాయి. ఎండలో అవి తొక్కడం మానేస్తాయి, లేదా తెల్లవారుజామున, పొద్దు వాలాక మాత్రమే తొక్కుతాయి. బరువు పెరిగిన పుంజు ఎండలో మొదట దెబ్బతింటుంది కాబట్టి పుంజుల దాణాను వేరుగా కొలిచి పెట్టి, బరువును అదుపులో ఉంచాలి.

మన రాష్ట్రాల్లో కేజీల్లో పెంచి, పుంజు వీర్యాన్ని తీసి పెట్టలకు ఎక్కించే పద్ధతి బాగా వ్యాపించింది. ఇందులో వేసవికి ప్రత్యేకమైన ఒక ఇరకాటం ఉంది. గట్టి పెంకు గుడ్డు పేగులో ఉండగా వీర్యం ఎక్కిస్తే అది పైకి చేరదు కాబట్టి, ఎక్కువ పెట్టలు గుడ్డు పెట్టడం ముగిసిన మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఈ పని చేయడం ఆనవాయితీ. కానీ మే నెలలో అదే రోజంతటిలోకి వేడి ఎక్కువగా ఉండే సమయం. ఆ వేళ పెట్టను కేజీ నుంచి లాగి పట్టుకుంటే దానికి చేటు, గాజు గొట్టంలోని వీర్యానికి అంతకన్నా చేటు. పనిని సాయంత్రం ఐదున్నర తరువాతకు జరిపి, లైట్ల వెలుతురులో ముగించుకోవడమే సరైన పరిష్కారం. తెల్లవారుజామున దాణా వేసిన మందలో గుడ్లు కూడా ముందే ముగుస్తాయి కాబట్టి ఐదున్నరకు అడ్డంకి ఉండదు. తీసిన వీర్యాన్ని అరగంటలోపు వాడేయాలి, ఒకేసారి ఎక్కువ పుంజుల నుంచి తీసి పెట్టుకోకూడదు, గొట్టాన్ని ఎండకు గానీ నీటి చుక్కకు గానీ తగలనివ్వకూడదు. వారానికోసారి ఎక్కించే ఫారాలు ఏప్రిల్ నుంచి జూన్ వరకు నాలుగైదు రోజులకోసారి ఎక్కించడం మంచిది, ఎందుకంటే వేడి దెబ్బ తిన్న వీర్యం పెట్ట శరీరంలో అన్ని రోజులు నిలవదు.

పుంజుల కేజీలను షెడ్డులో అన్నిటికన్నా చల్లని చోట, ప్యాడ్లు ఉంటే ప్యాడ్ల వైపున, తెరిచిన షెడ్డులో గాలి వచ్చే వైపున ఉంచాలి. ఒక వడగాడ్పు దెబ్బ నుంచి పుంజు వీర్యం తేరుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పల్చగా, నీళ్లలా వీర్యం ఇస్తున్న పుంజులను గుర్తించి ఆ కాలమంతా పక్కన పెట్టడానికి వీలుగా, వేసవికి ముందే కొన్ని పుంజులను అదనంగా ఉంచుకోవడం తెలివైన పని.

గుడ్డును ఎండ నుంచి కాపాడడం

పెట్టిన గుడ్డులోని పిండం సుమారు 24 డిగ్రీలకు దిగితేనే నిద్రలోకి వెళుతుంది. మన వేసవిలో అర్ధరాత్రి కూడా అంతకు దిగదు కాబట్టి, కేజీ ముందు ట్రేలో మిగిలిపోయిన గుడ్డులో పిండం కొంత పెరిగి, ఆగి, మళ్లీ పెరిగి చివరకు చనిపోతుంది. రోజుకు నాలుగుసార్లు గుడ్లు తీసేవారు వేసవిలో ఆరు ఏడుసార్లు తీయాలి, తీసిన గుడ్లను గంట గంటకూ గుడ్ల గదికి చేర్చాలి. గది 16 నుంచి 18 డిగ్రీల్లో, 75 శాతం తేమతో ఉండాలి. చల్లని గది నుంచి నేరుగా బయటి ఎండలోకి తెచ్చిన గుడ్డు మీద నీటి చుక్కలు పట్టి, పెంకు రంధ్రాల గుండా సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. అందుకని హ్యాచరీ బండిని రాత్రి పూట రప్పించి, గుడ్లను మెల్లగా వేడెక్కనిచ్చి, చెమర్చిన గుడ్లకు ఆరే వరకు ఫ్యూమిగేషన్ (క్రిములను చంపే పొగ పట్టించడం) చేయకుండా ఉండాలి. వారం కన్నా ఎక్కువ రోజులు నిల్వ ఉంచకూడదు.

వడగాడ్పు రోజున

కోళ్లు రెక్కలు చాచి, మెడ సాచి రొప్పుతున్నాయంటే అవి ఇంకా పోరాడుతున్నాయని అర్థం. రొప్పడం ఆపి కళ్లు మూసుకున్న కోడి చేయి దాటుతున్నట్లే. ఎక్కువ మరణాలు మూడు నుంచి ఆరు గంటల మధ్య జరుగుతాయి. ఆ సమయంలో షెడ్డులో ఎవరో ఒకరు ఉండాలి, కానీ హడావుడి, కేకలు, అపరిచితుల రాక ఉండకూడదు. నేల షెడ్డులో గుంపుగా కూర్చున్న కోళ్ల మధ్య మెల్లగా నడిచి వాటిని లేపితే కింద చిక్కుకున్న వేడి బయటికి పోతుంది. గాలి ఆడుతున్నచోట తలకు, తురాయికి నీరు తగిలేలా పిచికారీ చేయవచ్చు. ఆ సాయంత్రం దాణా పెట్టకూడదు. తొలి వడగాడ్పే అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఎండకు అలవాటు పడడానికి కోళ్లకు కొన్ని రోజుల గడువు దొరకదు.

వేసవి దాటాక హ్యాచరీ నుంచి వచ్చే లెక్కను చదవడం కూడా యాజమాన్యంలో భాగమే. పదో రోజున దీపపు వెలుగులో చూసి ఖాళీగా తేలిన గుడ్లను పారేయకుండా, కొన్నిటిని పగలగొట్టి పచ్చసొన మీది మచ్చను చూడండి. మచ్చ చిన్నగా, గట్టిగా, తెల్లటి చుక్కలా ఉంటే ఆ గుడ్డులో ఫలదీకరణ జరగలేదు, లోపం పుంజుల్లోనో, వీర్యం ఎక్కించిన వేళలోనో ఉంది. మచ్చ వెడల్పుగా వలయంలా ఉన్నా, రక్తపు గీత కనిపించినా, పిండం ఏర్పడి తొలి రోజుల్లోనే చనిపోయింది, అప్పుడు వెతకవలసింది గుడ్లు తీసిన వేళల్లో, గుడ్ల గది థర్మామీటరులో, బండి ప్రయాణంలో. ఈ రెండు రకాలను విడివిడిగా లెక్కించి, ఆ గుడ్లు ఏ తేదీన పెట్టినవో చూసి ఆ వారపు ఉష్ణోగ్రతల పక్కన రాసి పెట్టుకుంటే, వచ్చే ఫిబ్రవరిలో ముందుగా ఏ పనికి డబ్బు పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.